టన్ను అను మాట



నేటి ప్రసంగమునకు నేను గైకొనిన విషయము ఒక్క మాట. అది ఇంగ్లీషు మాటయే యైనను, చెఱకు బండి తోలు రైతు మొదలుకొని ఇంట శీతలయంత్రము పెట్టించుకొను గృహస్థు వఱకు ఎల్లవారి నోటను ఆడుచున్నది. ఆ మాట ‘టన్ను’. టన్ననగా నేమి అని యడిగినచో బడిపిల్లవాడు సైతము ‘వెయ్యి కిలోలు’ అని తడుముకొనక చెప్పును. ఆ యుత్తరము తప్పు కాదు. కాని ఓడను గూర్చి టన్నులనినపుడును, శీతలయంత్రమును గూర్చి టన్నులనినపుడును, బాంబును గూర్చి టన్నులనినపుడును ఆ యుత్తరము పనికిరాదు. మాట ఒక్కటే, అర్థములు డజనుకు తక్కువ లేవు.

చిన్ననాట అమరకోశము వల్లించినవారికి ఇది వింత కాదు. ఆ కోశమున మూడవ కాండమందు నానార్థవర్గమని యొక భాగమే కలదు. ‘సైంధవము తెమ్ము’ అను వాక్యము మన శాస్త్రకారులకు మిక్కిలి ప్రియమైన యుదాహరణము. సింధుదేశపు ఉప్పును సైంధవమే, సింధుదేశపు గుఱ్ఱమును సైంధవమే. విస్తరి ముందు కూర్చున్నవాడు సైంధవము తెమ్మన్నచో ఉప్పు తేవలెను. ప్రయాణమునకు నడుము కట్టినవాడు తెమ్మన్నచో గుఱ్ఱమును తేవలెను. విస్తరి ముందఱ గుఱ్ఱమును నిలిపిన సేవకుని చూచి నవ్వుకొందుము. కాని వర్తకమునందు, ఓడలయందు, వంతెనలమీద అట్టి పొరపాటు జరిగినపుడు నవ్వు రాదు. సొమ్ము పోవును, ఒక్కొకప్పుడు ప్రాణమే పోవును. అందుచేతనే ఈ మాటను కొంచెము విడదీసి చూపవలెనని నా తలంపు.

ముందుగా పుట్టుక. ఈ మాటకు మూలార్థము బరువు కాదు, పెద్ద పీపా. ఇంగ్లండువారు ఫ్రాన్సు దేశపు బోర్డో ప్రాంతమునుండి ద్రాక్షారసమును ఓడలలో తెప్పించుకొనెడివారు. ఆ రసము నింపు మహత్తరమైన కొయ్య పీపాకు ‘టన్’ అని పేరు. అందు 252 గ్యాలనులు పట్టును. నేటి లెక్కలో సుమారు 950 లీటర్లు. అందులో సగము పట్టు పీపాకు ‘పైపు’ అని పేరు. మనము వాడు పీపా అను మాటయు పోర్చుగీసువారి నోట నుండి వచ్చిన ఆ పైపునకు తోబుట్టువే. పెద్ద పీపాను రసముతో సహా తూచినచో నేటి టన్నునకు ఇంచుమించు దగ్గఱగా తూగును. ఈ యొక్క పీపానుండి రెండు శాఖలు పుట్టినవి. పీపా ఎంత తూగునో అది బరువు టన్ను. ఓడలో అట్టి పీపాలు ఎన్ని పట్టునో అది చోటు టన్ను. నేటి గందరగోళమునకెల్ల బీజము ఇచ్చటనే యున్నది.

ఈ పీపా రాజ్యములను సైతము కదల్చినది. దిగుమతియైన ప్రతి పీపా మీదను ఇంగ్లండు రాజునకు సుంకము చెల్లెడిది. పూర్వపు రాజులకు ఆ సుంకమును పార్లమెంటువారు జీవితాంతమునకు ఇచ్చుచుండిరి. 1625లో మొదటి ఛార్లెసు సింహాసనమెక్కగా, ప్రతినిధుల సభవారు ఒక్క సంవత్సరమునకు మాత్రమే ఇత్తుమనిరి. రాజు ఆ మాట పాటింపక వసూలు చేయించెను. రాజునకును ప్రజాప్రతినిధులకును పెరిగి పెరిగి యుద్ధముగా పరిణమించిన వైరమునకు ఇదియు నొక కారణము.

ఇక బరువు టన్నులు చూతము. అవియే మూడు. ఇంగ్లండువారి పొడుగు టన్ను 2,240 పౌండ్లు. ఈ వింత సంఖ్య ఎట్లు వచ్చినదనగా, వారికి 14 పౌండ్లు ఒక స్టోను, 8 స్టోనులు ఒక ‘హండ్రెడ్‌వెయిటు’, అట్టివి 20 అయినచో టన్ను. పేరునకు నూఱు, తూచిన 112! అమెరికావారు ఈ నూటపండ్రెండును సహింపలేక నూటిని నూఱుగానే యుంచి, 2,000 పౌండ్లకు టన్నని పేరిడిరి. అది పొట్టి టన్ను. వెయ్యి కిలోగ్రాములది మెట్రిక్ టన్ను. కిలోలలో చెప్పవలెనన్నచో పొడుగు టన్ను 1,016, మెట్రిక్ టన్ను 1,000, పొట్టి టన్ను 907. మన దేశమున 1956లో తూనికల చట్టము పుట్టి, 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా మెట్రిక్ తూనికలు నెలకొనుటచే మనకు వెయ్యి కిలోల టన్నే టన్ను.

మూడింటికిని ఉచ్చారణ ఒక్కటే. ఇంగ్లీషు వ్రాతలో మెట్రిక్ టన్నునకు చివర రెండక్షరములు హెచ్చుగా చేర్చుదురు. ఆ భేదము కంటికే గాని చెవికి అందదు. మన లిపిలో వ్రాసినపుడు కంటికిని అందదు. మీరిప్పుడు నా నోట టన్నని వినినపుడు అది ఏ టన్నో నేను విడమఱచి చెప్పినగాని మీకు తెలియు దారి లేదు గదా!

భేదము చిన్నదని త్రోసివేయుదమా? పదివేల టన్నుల గోధుమలలో పొడుగు టన్నునకును పొట్టి టన్నునకును గల తేడా 1,088 మెట్రిక్ టన్నులు. అనగా పదేసి టన్నులు మోయు లారీలు నూటికి పైగా కావలెను. నా పూర్వశిష్యుడొకడు మిరపకాయలు ఎగుమతి చేయు వర్తకశాలలో గుమాస్తాగా నుండెను. ఒకసారి వారు సముద్రముల కావలి వర్తకునితో 100 టన్నులకు ఒడంబడిక వ్రాసికొనిరి. పత్రమున ‘టన్ను’ అని మాత్రమే యున్నది. వీరు వెయ్యేసి కిలోల చొప్పున లక్ష కిలోలు పంపిరి. కొన్నవాడు తన దేశపు పొట్టి టన్నులతో కొలిచి, ‘మేము కోరినది 90,718 కిలోలు, మీరు పంపిన హెచ్చు సరకును మేము కోరలేదు, దానికి సొమ్మియ్యము’ అని వ్రాసెను. తొమ్మిది టన్నులకు పైగా మిరపకాయల వెల! ఉత్తరములు నెలల తరబడి నడచి, తుదకు చెరిసగము భరించుటకు ఒప్పుకొనిరి. ఆ పిల్లవాని యుద్యోగము నిలిచినది గాని ఆ యేటి బోనసు నిలువలేదు. ‘మాస్టారూ, ఒక్క మాట రాసి ఉంటే సరిపోయేది’ అని నాతో చెప్పికొని వగచెను. ‘మెట్రిక్’ అను ఆ యొక్క మాట వ్రాయుటకు ఎంత సిరా పట్టును?

గొప్ప రాజ్యములవారు ఈ జాగ్రత్తను పాటించిరి. 1922 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటను, జపాను, ఫ్రాన్సు, ఇటలీ దేశములు వాషింగ్టను నగరమున యుద్ధనౌకలను గూర్చి సంధి చేసికొనెను. పెద్ద యుద్ధనౌక 35,000 టన్నులకు మించరాదని అందు నియమము. అచ్చటనే, టన్ననగా 2,240 పౌండ్లని నిర్వచనము వ్రాసి మఱి సంతకములు చేసిరి. వ్రాయకున్నచో మెట్రిక్ కొలత వాడు దేశమునకును పొడుగు టన్ను వాడు దేశమునకును ఒక్కొక్క నౌకకే 560 మెట్రిక్ టన్నుల తేడా వచ్చెడిది. శత్రువులు కాగలవారి మధ్య అర్థము విడిచిన మాట యెంత యపాయకరమో వారికి తెలియును.

ఓడల ప్రసక్తి వచ్చినది గనుక రెండవ శాఖను చూతము. 1933లో తెఱవబడిన మన విశాఖపట్టణపు రేవున నిలిచి ఒక యోడను చూపి ‘ఇది ఎన్ని టన్నులు?’ అని యడిగినచో, తెలిసినవాడు ‘ఏ టన్నులు?’ అని మాఱు ప్రశ్న వేయును. ఓడ తేలుచు ఎంత నీటిని ప్రక్కకు నెట్టునో ఆ నీటి బరువు ఒక లెక్క. అది ఓడ మొత్తము బరువునకు సమానము. యుద్ధనౌకలను ఇట్లు చెప్పుదురు. ఓడ మోయగల సరకు, ఇంధనము, నీరు మొదలగువాని బరువు మఱియొక లెక్క. సరకుల యోడలకు ఇది ముఖ్యము. మూడవ లెక్క బరువే కాదు. ఓడ లోపలి చోటును కొలిచి, నూఱు ఘనపుటడుగులకు ఒక టన్ను చొప్పున గణించెడివారు. ఈ పద్ధతిని జార్జి మూర్సమను నతడు రూపొందింపగా 1854లో బ్రిటిషు చట్టము దానిని స్వీకరించెను. 1912లో మునిగిన టైటానిక్ ఓడ చోటు లెక్కలో 46,328 టన్నులు. నీరు నెట్టు లెక్కలో సుమారు 52,000 టన్నులు. రెండును నిజమే. వీనిలో నొకటి తప్పని వాదించువాడు సైంధవమనగా ఉప్పే యని గుఱ్ఱమును కాదనువాని వంటివాడు.

1969లో లండను నగరమున అనేక దేశములవారు కూడి ఈ చోటు లెక్కను సంస్కరించిరి. 1982 జూలై 18 నుండి అమలునకు వచ్చిన ఆ యొప్పందము ప్రకారము ఓడ లోపలి ఘనపరిమాణమునుండి ఒక సూత్రముచే వచ్చు సంఖ్యయే ‘గ్రాస్ టన్నేజి’. అది బరువు కాదు, ఘనపుటడుగులు కావు, ఏ కొలతయు కాని శుద్ధమైన సంఖ్య. అయినను అందు టన్ను పేరు పోలేదు. రేవులలో ఓడలపై రుసుములు ఆ సంఖ్యను బట్టియే కట్టుదురు. ద్రాక్షారసపు పీపా ఏనాడో మాయమైనది; దాని పేరు మాత్రము సముద్రమును విడువలేదు.

సరకు కిరాయిలో ఇంకొక టన్ను కలదు. ఇనుము కొంచెము చోటులో ఎంతో బరువు తూగును. దూది ఎంతో చోటు పట్టి కొంచెమే తూగును. బరువు చొప్పున మాత్రమే కిరాయి పుచ్చుకొన్నచో దూది మోయువాడు చెడును. అందుచే పూర్వము 40 ఘనపుటడుగులను ఒక టన్నుగా ఎంచెడివారు. నేడు సాధారణముగా ఒక ఘనమీటరునకుగాని వెయ్యి కిలోలకుగాని, ఏది హెచ్చైనచో దానికి కిరాయి కట్టుదురు.

ఇప్పుడు ఓడ దిగి ఇంటికి వత్తము. మా వీధిలో నొక గృహస్థు వేసవి తాపమునకు తాళలేక శీతలయంత్రము కొనెను. అది గోడకు బిగించుటకు ముందు ఆందోళనతో నాయొద్దకు వచ్చి, ‘మాస్టారూ, రెండు టన్నుల మిషనంటున్నాడండీ. మాది పాత మట్టిగోడ, ఆగుతుందంటారా?’ అని యడిగెను. ‘గోడకు భయం లేదు నాయనా, భయపడితే కరెంటు బిల్లుకే’ అని చెప్పి పంపితిని. ఆ యంత్రమును ఇద్దఱు మనుష్యులు ఎత్తి పెట్టిరి.

మఱి ఆ రెండు టన్నులు ఏవి? యంత్రములు లేని కాలమున చల్లదనమునకు ఆధారము మంచుగడ్డలు. అమెరికాలోని బోస్టను నగరమునుండి ఫ్రెడరిక్ ట్యూడరను వర్తకుడు 1833లో కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు పంపెను. 180 టన్నులు ఎక్కింపగా నాలుగు నెలల ప్రయాణమున కరగినది పోను నూఱు టన్నులు చేరెను. 1842లో మదరాసు సముద్రతీరమున కట్టిన మంచు గిడ్డంగి ఆ వర్తకమునకే. పిమ్మట యంత్రములు రాగా, వాని శక్తిని మంచుతోనే పోల్చి చెప్పుట సహజమాయెను. ఒక పొట్టి టన్ను మంచుగడ్డ ఒక దినములో కరగుటకు ఎంత యుష్ణమును పీల్చుకొనునో, ఒక దినములో అంత యుష్ణమును గదినుండి తొలగించు యంత్రము ఒక టన్నుది. మంచు కరగునపుడు తాను వేడెక్కకయే ఉష్ణమును లోపల దాచుకొనును, దీనినే గుప్తోష్ణమందురు. ఆ లెక్కను నేటి కొలతలో చెప్పినచో ఒక టన్ను సుమారు మూడున్నర కిలోవాట్లు. ఇది తొలగింపబడు వేడి. యంత్రము త్రాగు విద్యుత్తు వేఱు. కావున మా పొరుగువాని గదిలో రెండు టన్నుల బరువు లేదు. ఇరువదినాలుగు గంటలలో 1,800 కిలోలకు పైగా మంచుగడ్డను కరగింపగల వేడిని వెలుపలికి త్రోయు శక్తి కలదు.

చల్లని టన్ను అట్లుండగా దహించు టన్ను మఱియొకటి. బాంబుల శక్తిని చెప్పునపుడు ‘ఇన్ని వేల టన్నులు’ అందురు. అది బాంబు బరువు కాదు. టి.ఎన్.టి. అను ప్రేలుడు ద్రవ్యము ఒక టన్ను ప్రేలినపుడు వెలువడు శక్తిని కొలబద్దగా పెట్టుకొని, దానిని వందకోట్ల క్యాలరీలుగా నిర్ణయించిరి. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై విడిచిన బాంబు తూగినది నాలుగున్నర టన్నులకు లోపుగా. అందలి యురేనియము 64 కిలోలు. దాని శక్తియో సుమారు 15,000 టన్నులు! ఒక్క వాక్యములో ఒక్క వస్తువును గూర్చియే నాలుగు టన్నులును పదునైదువేల టన్నులును సత్యములగుచున్నవి. మొదటిది మోసిన విమానమునకు సంబంధించినది. రెండవది బూడిదయైన నగరమునకు సంబంధించినది.

అరచేత నిముడు టన్ను కూడ నొకటి కలదని చెప్పినచో మీరు నమ్ముదురా? బంగారపు గనులలో రాతిని పరీక్షించువారు 29 గ్రాములకు కొంచెము పైబడిన తూనికను ‘పరీక్ష టన్ను’ అందురు. అంత రాతిపొడిలో ఎన్ని మిల్లీగ్రాముల బంగారము దొరకునో, పొట్టి టన్ను రాతిలో అన్ని ట్రాయ్ ఔన్సుల బంగారము ఉండునట్లు దానిని కూర్చిరి. గుణకారము చేయు శ్రమ లేకుండుటకు చేసిన చమత్కారమిది. ఇక క్రికెట్టాటలో టన్ననగా నూఱు పరుగులు. మాటలలో ‘టన్నుల కొద్ది పని’ అన్నచో ఏ తూనికయు లేదు, విసుగు మాత్రమే కలదు.

ఇంగ్లీషువారిని చూచి నవ్వుటకు ముందు మన యింటిని చూచుకొందము. పుట్టి యనగా నేమి? ఇరువది తూముల ధాన్యము పుట్టి. అంత విత్తనము పట్టు భూమి పుట్టెడు నేల. కృష్ణలో తిరుగు గుండ్రని బుట్టపడవయు పుట్టియే. కన్నవారిని పోగొట్టుకొన్నవానిది పుట్టెడు దుఃఖము. తూము ధాన్యపు కొలతయు, చెఱువు నీరు విడుచు మార్గమును. మణుగు సంగతి ఇంకను విచిత్రము: మన ప్రాంతమున ఎనిమిది వీశెలు మణుగు, సుమారు 25 పౌండ్లు; ఉత్తరాది మణుగు నలువది సేర్లు, 82 పౌండ్లకు పైమాటే. పూర్వపు వర్తకుడు మణుగని యనినంతనే ‘ఎచ్చటి మణుగు?’ అని అడిగెడివాడు. ఆ ప్రశ్నయే ఆతని విద్య. మెట్రిక్ తూనికలు వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న అనవసరమని మనము మఱచితిమి. పేరు ఒక్కటైనంత మాత్రమున కొలత ఒక్కటి కాదను సత్యము మాత్రము చెక్కు చెదరలేదు.

ఈ మఱపు నేడెచ్చట హాని చేయునో రెండు తావులు చూపెదను. పాత వంతెన మొదట ‘10 టన్నులు’ అని పలక కట్టియుండును. ‘నా లారీలో సరకు పది టన్నులే’ అని తోలువాడు ముందుకు పోవును. ఆ పలక చెప్పునది బండియు సరకును కలిసిన మొత్తపు బరువు. సరకు లేని లారీయే కొన్ని టన్నులు తూగును. టన్ను అర్థము తెలిసియు, దేని టన్నులో తెలియని ఫలమును వంతెన చెప్పును. రెండవది, లోకమున తాపము పెరుగుచున్నదని దేశములు చేయు లెక్కలు. కొందఱు కర్బనమును టన్నులలో చెప్పుదురు. కొందఱు అది కాలి పుట్టిన బొగ్గుపులుసు వాయువును టన్నులలో చెప్పుదురు. పండ్రెండు పాళ్లు కర్బనము ప్రాణవాయువుతో కూడి నలువదినాలుగు పాళ్ల వాయువగును గనుక ఒక టన్ను కర్బనము మూడున్నరకు పైగా, మూడు టన్నుల 667 కిలోల వాయువునకు సమానము. పత్రికలో ఒక దేశపు లెక్కను మొదటి తీరునను, వేఱొక దేశపు లెక్కను రెండవ తీరునను చదివి పోల్చినవాడు దోషిని నిర్దోషిగాను, నిర్దోషిని దోషిగాను ఎంచును.

అయినచో ఈ మాటను వెలివేయుదమా? అది మన వశము కాదు, అవసరమును లేదు. నానార్థపదములకు అర్థము నిర్ణయించు సాధనములను భర్తృహరి వాక్యపదీయమున లెక్కించి పెట్టెను. ప్రక్కనున్న మాట, సందర్భము, ప్రయోజనము, దేశము, కాలము మొదలగునవి అందున్నవి. కావ్యములకొఱకు నేర్చిన ఆ శాస్త్రము కాటాయొద్దను పనికివచ్చును. టన్నను మాట వినబడినపుడు మూడు ప్రశ్నలు వేయుడు. మొదటిది: కొలచుచున్నది బరువునా, చోటునా, శక్తినా? రెండవది: ఏ దేశపు కొలత? మూడవది: ఆ సంఖ్యలో ఏది చేరినది, ఏది చేరలేదు? ఈ మూడింటికి బదులు దొరకువఱకు పత్రముపై సంతకము చేయకుడు, వంతెన యెక్కకుడు, ఇద్దఱిలో నొకడు అబద్ధీకుడని తీర్పు చెప్పకుడు.

బడిలో లెక్కలు చెప్పు తమ్ములకు ఒక్క మనవి. పిల్లవాడు జవాబుగా ‘ఇరువది’ అని వ్రాసినచో ‘ఇరువది ఏమి?’ అని అడుగుట మన యాచారము. ‘ఇరువది టన్నులు’ అని వ్రాసినప్పుడును ఒక యడుగు ముందుకు వేసి ‘ఏ టన్నులు?’ అని యడుగుడు. ఆ ప్రశ్న అలవడిన పిల్లవాడు రేపు గుమాస్తా యైనను, ఓడ నడపినను, లారీ తోలినను తన్నును తనవారిని కాపాడుకొనగలడు.